సినిమాహాలు కుర్చీ మా యింటికొచ్చింది!

మీలో ఎంతమంది కుర్చీ క్లాసులో సినిమా చూశారు? మల్టీప్లెక్సులో కాళ్ళు బారజాపుకుని కూర్చునే కుర్రకారుకి ఆ మాటే తెలియకపోవచ్చు. ఒకప్పుడు వూళ్ళో హాలంటే నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ. మధ్యతరగతి మర్యాదంతా ఆ కుర్చీలోనే వుండేది. చెక్క సీటు, చెక్క వీపు, ఇనప కాళ్ళు. కూర్చుంటే కిందికి వాలుతుంది, లేస్తే 'ఠక్'మని పైకి లేస్తుంది. ఆ చెక్క సందుల్లో నల్లులు కాపరం వుండేవి. టిక్కెట్టు కొన్నవాడు సినిమా చూస్తుంటే, టిక్కెట్టు లేకుండా వచ్చిన నల్లులు వాడి సంగతి చూస్తుండేవి!

అలాంటి కుర్చీలు మూడు, ఒకే వరసలో బిగించినవి, ఇప్పుడు హైదరాబాదులో మా అద్దె యింట్లో వున్నాయి. చూసినవాళ్ళంతా "ఎక్కడ కొన్నారండీ? ఎంతయిందండీ?" అని అడుగుతున్నారు. ఎంతయిందో పైసలతో సహా చెబుతాను. ఎలా చేశానో కూడా చెబుతాను. కానీ ముందు, ఎలా చెడగొట్టానో చెప్పాలి. ఎందుకంటే నేను నేర్చుకున్నదంతా ఆ చెడగొట్టడంలోనే నేర్చుకున్నాను.

తొమ్మిది వందలకు మూడు సీట్లు

మా నాన్న గుంటూరు జిల్లాలో ఒక చిన్న వూరి సినిమాహాల్లో గేటు మనిషి. 'అడవి రాముడు' విడుదలైన 1977లో చేరాడు. 2020లో కరోనాకి హాలు మూతపడి మళ్ళీ తెరవలేదు. నలభై మూడేళ్ళు! ఆ మరుసటి ఏడు హాలు పడగొట్టి ఫంక్షన్ హాలు కడుతున్నారని కబురొచ్చింది. అప్పటికి మా నాన్న నా దగ్గరే వుంటున్నాడు. కబురు విని "ఓహో" అన్నాడు. అంతే. ఆ పూట అన్నం సగంలో లేచాడు.

నేను మర్నాడే బస్సెక్కాను. హాలు ముందు పాత ఇనుము వ్యాపారి తెర చట్రం దగ్గర్నుంచి టిక్కెట్ల కిటికీ దాకా కాటా వేస్తున్నాడు. కుర్చీల్ని విరగ్గొట్టి ఇనుము ఒక కుప్ప, చెక్క ఒక కుప్ప పోస్తున్నాడు. విరగ్గొట్టకుండా ఒక్క వరస ఇమ్మని బతిమాలితే తొమ్మిది వందలన్నాడు. లారీ కిరాయి నాలుగు వందలు. నాన్నకి చెప్పకుండా తెచ్చి వరండాలో దించాను. ఆయన చుట్టూ ఒకసారి తిరిగి, సీటు కిందికి వంచి వదిలాడు. 'ఠక్'మంది. నవ్వాడు. నేను మహా గర్వపడ్డాను.

డబ్బా రంగు… పోయిన పరువు!

కుర్చీల మీద ఎన్ని పొరల రంగుందో లెక్క లేదు. పైన ఆకుపచ్చ, దాని కింద గోధుమ, కింద ఇంకేదో. 'ఇదంతా గోకడం ఎవడి వల్ల అవుతుంది? పైన కొత్త రంగు కొడితే సరి' అనుకున్నాను. రోజ్‌వుడ్ రంగు ఎనామిల్ డబ్బా ఒకటి, బ్రష్షు ఒకటి, వెరసి 340 రూపాయలు. నలభై మూడేళ్ళ జిడ్డు మీద, వానాకాలం సాయంత్రం, ముద్దగా దట్టించి పూశాను. మెరిసింది! ఫోటో తీసి స్నేహితులకి పంపించాను కూడా.

నాలుగో రోజు పొద్దున్న నాన్న పేపరు పట్టుకుని అందులో కూర్చున్నాడు. కాఫీ అయ్యాక లేచాడు. ఆయన లేచాడు గానీ లుంగీ లేవలేదు! రంగు పైన తోలు కట్టిందే గానీ లోపల ఆరలేదు. కొత్త లుంగీకి వెనకాల రోజ్‌వుడ్ ముద్ర. నేను నవ్వాపుకోలేకపోయాను. నాన్న మాత్రం నవ్వలేదు. ఏమీ అనలేదు కూడా. లోపలికెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని గోడవారగా వేసుకున్నాడు. తరవాత నెలరోజులు ఆ వరస వంక చూడలేదు.

తిట్టినా బాగుండేది!

కెమెరా కన్ను వేరు, చెయ్యి వేరు

పత్రికలకి రాసుకునేవాణ్ణి కదా, కృష్ణానగర్‌లో నాకు తెలిసినవాళ్ళున్నారు. వాళ్ళలో ఒకాయన సెట్లకి రంగులు వేసే మేస్త్రి. అరవై దాటాయి. సినిమాల్లోకి రాకముందు మద్రాసులో ఒక ఫర్నిచర్ కొట్లో పాలిష్ పని చేశాడు. టీ ఇప్పించి నా గోడు వెళ్ళబోసుకున్నాను.

ఆయన పకపకా నవ్వి, "అబ్బాయ్, నువ్వు కుర్చీకి మేకప్ వేశావ్. మేము చేసేదీ అదే. కానీ మేము కెమెరా కోసం చేస్తాం" అన్నాడు.

అదీ నిజమే. సెట్లో మీకు కనబడే టేకు తలుపు చాలాసార్లు ప్లైవుడ్. దాని మీద ముందు లేత రంగు వేసి, ఆరాక ముదురు రంగు పూసి, తడి మీదే దువ్వెన లాంటి పనిముట్టుతోనో, వెంట్రుకలు విడిపోయిన బ్రష్షుతోనో లాగితే చెక్క గీతలు వచ్చేస్తాయి. రాతి స్తంభం అనుకున్నది ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోత. 'మాయాబజార్' (1957)లో గోఖలే, కళాధర్ కట్టించిన మందిరాల్నీ, 'ఒక్కడు' (2003)లో అశోక్ వేసిన చార్మినార్‌నీ మనం నిజమని నమ్మాం. నమ్మించడమే ఆ కళ. కానీ ఆ గోడ మీద రోజూ ఎవరూ చెయ్యి ఆనించరు. షూటింగు అయ్యేదాకా నిలబడితే దాని పని అయిపోయినట్టే.

"నీ కుర్చీలో మీ నాన్న రోజూ కూర్చోవాలి. వేలు పెట్టి తడుముకుంటాడు. అక్కడ మోసం కుదరదు. మొదలు వేసింది తీసెయ్యి" అన్నాడు మేస్త్రి.

కొట్టొచ్చే మెరుపు కావాలనుకున్నాను నేను. కావలసింది నునుపు. ఈ రెంటికీ వున్న తేడా నాకు నాలుగు ఆదివారాలకి తెలిసింది.

మొదటి ఆదివారం: గోకుడు

ముందు నల్లులు. దీనికి గురువు మా నాన్నే. మొదటిసారి నోరు విప్పి, "ఎండలో పెడితే పోవురా. సందుల్లో మరిగే నీళ్ళు పొయ్యి" అన్నాడు. హాల్లో ఆయన చేసిందే. ఎండకి నల్లి లోపలికి జరుగుతుంది. మరుగునీళ్ళకి మాత్రం గుడ్డుతో సహా పోతుంది. పాత పాలిష్ ఎలాగూ తీసేస్తున్నాం గనక చెక్కకి వచ్చే నష్టం లేదు. తరవాత వారం రోజులు నీడలో ఆరనిచ్చాను. ఎండలో పెడితే చెక్క వంకర తిరుగుతుంది, పగుళ్ళిస్తుంది.

తరవాత రంగు తియ్యడం. రంగుల కొట్లో పెయింట్ రిమూవర్ దొరుకుతుంది. ఆరుబయట, చేతికి తొడుగులు వేసుకుని పూసి, రంగు పొంగి ముడతలు పడ్డాక స్క్రాపర్‌తో నెమ్మదిగా గోకాలి. గది తలుపులు మూసుకుని చేస్తే ఆ ఆవిరికి తల తిరుగుతుంది. ప్రాణానికే ముప్పు. కాస్టిక్ సోడా చవక కదా అని దాని జోలికి పోవద్దు. చెయ్యి కాలుతుంది, టేకు నల్లబడుతుంది.

ఇక్కడో కిటుకు. రంగు లేని పాత సామాను మీద వున్నది ఏ పాలిషో తెలియకపోతే, అడుగున కనబడని చోట స్పిరిట్‌లో ముంచిన దూది రెండు నిమిషాలు ఆనించండి. జిగురుగా కరిగితే అది లక్క పాలిష్. అలాంటిదాన్ని గోకక్కర్లేదు. శుభ్రంగా తుడిచి పైన అదే పాలిష్ పల్చగా పూస్తే కొత్త పొర పాత పొరలో కలిసిపోతుంది. వంద రూపాయల్లో పని పూర్తి!

రెండో ఆదివారం: ఉప్పు కాగితం

శాండ్ పేపర్‌నే మా వైపు ఉప్పు కాగితం అంటారు. దాని వెనక నంబరుంటుంది. నంబరు పెరిగేకొద్దీ సన్నం. ముందు 80, తరవాత 120, ఆఖర్న 220. తొందరపడి మధ్య నంబరు ఎగరగొడితే ముందు కాగితం గీతలు పాలిష్ పడ్డాక బయటికొస్తాయి. చెక్కలో గీతలు ఏ వైపు పారుతుంటే ఆ వైపే రుద్దాలి. అడ్డంగా రుద్దారా, పిల్లి గీరినట్టు వుంటుంది.

మేకు చిల్లులకి రుద్దిన పొట్టే మందు. టేకు పొట్టు ఫెవికాల్‌లో కలిపి కూరి, ఆరాక రుద్దితే సరిపోతుంది. ఆ చోటు కాస్త ముదురు మచ్చగా కనబడుతుంది. కనబడనివ్వండి.

చేతుల దగ్గర ఒక చోట చెక్క అరిగి చిన్న గుంటలా వుంది. దాన్నీ కూరబోతుంటే మేస్త్రి (వూరికే చూసిపోదామని వచ్చాడు) చెయ్యి పట్టుకున్నాడు. "అది దెబ్బ కాదు, అరుగుదల. ఎన్ని వేల చేతులో! ఏ ఉప్పు కాగితం చేస్తుంది అంత నునుపు? వదిలెయ్." వదిలేశాను.

మూడో ఆదివారం: రికార్డులో పాడిన లక్క

ఇక అసలు పాలిష్. లక్క రేకులు, స్పిరిట్, రెండే సరుకులు. లీటరు స్పిరిట్‌కి 150 గ్రాముల రేకులు లెక్క. నేను అర లీటరుకి 75 గ్రాములు వేశాను. గాజు సీసాలోనో ప్లాస్టిక్ సీసాలోనో రాత్రి నానబెడితే తెల్లారేసరికి కరుగుతుంది. ఇనప డబ్బాలో వద్దు, నల్లబడుతుంది. పల్చటి బట్టలో వడగట్టుకోవాలి.

సినిమా పాటల పిచ్చి వున్నవాళ్ళకి ఒక సంగతి. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగు పెట్టే గూటి నుంచి వచ్చేదే ఈ లక్క. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఎక్కువ. తాతల కాలంలో గ్రామఫోను మీద తిరిగిన 78 ఆర్.పి.ఎం. రికార్డులు దీనితోనే చేసేవారు, రాతిపొడి కలిపి. అందుకే కిందపడితే పింగాణీలా పగిలేవి. ఘంటసాల తొలినాళ్ళ పాటలు మన యిళ్ళలోకి ఆ లక్క పళ్ళేల మీదే వచ్చాయి. ఆ మాట మేస్త్రి చెప్పినప్పుడు సీసాలో తేనెరంగు ద్రవం వంక భక్తిగా చూశాను.

పూసే పద్ధతి చూడండి. దూది ముద్దని పాత పంచె గుడ్డలో చుట్టి మూట కట్టాలి. పాలిష్‌లో ముంచి, పిండి, తడి తడిగా చెక్క గీతల వెంబడి లాగాలి. ఒకే చోట ఆగకూడదు, వెంటనే అదే చోటికి తిరిగి రాకూడదు. ఆగితే మచ్చ, తిరిగొస్తే జిగురు. మూట పట్టేస్తుంటే అవిసె నూనె ఒక్క చుక్క. గంటకొక పొర, పల్చగా. రెండు మూడు పొరలకోసారి 320 నంబరు కాగితంతో గాలి తగిలినట్టు రుద్దడం. నేను ఏడు పొరలు వేశాను. వానరోజు మాత్రం వెయ్యకండి. తేమకి పాలిష్ తెల్లగా పాలిపోతుంది.

దీనికి ఒక బలహీనత వుంది, దాచను. వేడికీ, నీళ్ళకీ, స్పిరిట్‌కీ ఆగదు. వేడి కాఫీ గ్లాసు పెడితే తెల్లటి చక్రం పడుతుంది. కానీ మళ్ళీ మూటతో నాలుగుసార్లు తుడిస్తే చాలావరకు పోతుంది. డబ్బా వార్నీషు దెబ్బ తింటే మొత్తం గోకాలి. నా ఓటు లక్కకే.

నాలుగో ఆదివారం ఇనప కాళ్ళకి. వైరు బ్రష్షుతో తుప్పు దులిపి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక పొర, నల్ల ఎనామిల్ ఒక పొర.

జాగ్రత్త సుమా!

పాత రంగుల్లో సీసం వుండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి రంగుని పొడిగా రుద్దితే ఆ దుమ్ము వూపిరితిత్తుల్లోకి పోతుంది. పసిపిల్లల మెదడుకి అది విషం. కాబట్టి తడి చేసి వాటర్ పేపర్‌తో రుద్దండి, మాస్కు కట్టుకోండి, దుమ్ముని చీపురుతో వూడవకుండా తడిగుడ్డతో ఎత్తండి. పిల్లల్ని, గర్భిణుల్ని ఆ దరిదాపులకి రానివ్వకండి.

స్పిరిట్ అగ్గిపుల్ల దూరంలో వుండకూడదు. తాగితే ప్రాణం పోయే సరుకు, సీసా మీద పెద్దక్షరాలతో రాసి పెట్టండి. అవిసె నూనె అంటిన గుడ్డల్ని వుండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి, విడివిడిగా బయట ఆరేసి అప్పుడు పారెయ్యాలి.

ఖర్చు పద్దు

రిమూవర్ 220, ఉప్పు కాగితాలు 180, లక్క రేకులు 160, స్పిరిట్ 100, అవిసె నూనె 60, ప్రైమరు, నల్ల రంగు చిన్న డబ్బాలు 210. వెరసి 930. కుర్చీల ధర, కిరాయి కలిపితే 2,230 రూపాయలు. నా తెలివితక్కువతనానికి కట్టిన పన్ను 340, పైన లుంగీ!

అమీర్‌పేట హాస్టలు గదుల్లో వుండే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, కుర్చీల వరస మాకెక్కడ దొరుకుతుంది అనకండి. అమ్మ యిచ్చిన పాత ట్రంకు పెట్టె వుంటుంది. తుప్పు దులిపి, ప్రైమర్ వేసి, ఒక రంగు కొట్టి పైన దిండు వేస్తే బల్లా అదే, బీరువా అదే. వూగే స్టూలు కీళ్ళలో పాత జిగురు గోకి, కొత్తగా ఫెవికాల్ పెట్టి, తాడుతో బిగించి ఒక రాత్రి వదిలితే నిలబడుతుంది. మొదటిసారి మాత్రం ఇంట్లో అందరికంటే పనికిరాని సామాను మీద చెయ్యి తిప్పుకోండి. నాలాగా నాన్న కుర్చీ మీద కాదు.

సి 19

ఒక సంగతి దాచి వుంచాను. మొదటి ఆదివారం రంగు గోకుతుంటే చివరి సీటు వీపు మీద ఏదో గట్టిగా తగిలింది. రెండు చిన్న మేకులతో కొట్టిన ఇత్తడి బిళ్ళ. పొరల కింద పడి కనబడకుండా పోయింది. తుడిస్తే 'సి 19' అని అక్షరాలు. బిళ్ళ కాస్త వంకరగా వుంది. 'తీసేసి చిల్లులు కూరితే వీపంతా ఒకే నునుపుగా వస్తుంది' అనుకుని స్క్రూడ్రైవరు పెట్టాను.

"అది తియ్యకు."

వెనక్కి తిరిగితే నాన్న. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో! దగ్గరికొచ్చి వేలితో ఆ అంకె తడిమాడు.

"పంతొమ్మిది! ముందర స్తంభం అడ్డంరా. సగం తెరే కనిపించేది. ఇది ఆఖర్న అమ్మేవాళ్ళం. కొన్నవాడు గోల చేస్తే లైట్లార్పాక ఖాళీ చూసి ఇంకో చోట కూర్చోబెట్టేవాణ్ణి. ఇది ఖాళీ అయితే నేను కూర్చునేవాణ్ణి."

"సగం తెర మీదే చూశావా సినిమాలన్నీ?"

"గేటు దగ్గర నుంచుంటే అదీ లేదుగా. 'శంకరాభరణం' మొదటివారం హాలు ఖాళీ. అన్ని సీట్లుండగా నేను అలవాటు కొద్దీ ఇందులోనే కూర్చున్నాను. సోమయాజులు గారు అటు నడిస్తే కనపడేవాడు, ఇటు నడిస్తే స్తంభం వెనక్కి పోయేవాడు." నవ్వాడు. "తరవాత జనం విరగబడ్డారు. ఆ సగం కూడా దక్కలేదు."

ఏ నంబరు బయటపడినా ఆయన దగ్గర ఒక కథ వుండేదేమో. కానీ ముప్పై ఏళ్ళు దాటిన నాకు ఇది కొత్త. 'మా నాన్నది సినిమాహాల్లో వుద్యోగం, రోజూ సినిమాలే' అని బళ్ళో గొప్పలు చెప్పుకున్నవాణ్ణి నేను.

స్క్రూడ్రైవరు కింద పెట్టేశాను. బిళ్ళ చుట్టూ చిన్న గుడ్డముక్కతో పాలిష్ వేసింది నాన్నే. ఆ తరవాత మూడు ఆదివారాలూ ఉప్పు కాగితం పట్టుకుని నా పక్కనే కూర్చున్నాడు. నాకంటే నిదానం, నాకంటే నునుపు.

పనంతా అయ్యాక వరసని టీవీ ఎదురుగా వేశాం. ఆ రాత్రి 'శంకరాభరణం' పెట్టాను. మూడు సీట్లూ ఖాళీగా వుంటే నాన్న నేరుగా వెళ్ళి పంతొమ్మిదిలో కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి లుంగీ వెనక తడుముకుని చూసుకున్నాడు, నేను చూడలేదనుకుని. మాట్లాడలేదు. ఇంటర్వెల్ అని తెర మీద పడగానే మాత్రం గభాల్న లేచి నిలబడ్డాడు. వెనకాల సీటు 'ఠక్'మంది.

"ఎక్కడికి నాన్నా?"

గుమ్మం దాకా పోయి ఆగాడు. తలుపు వంక చూశాడు, నా వంక చూశాడు.

"గేటు తియ్యాలేమో అనుకున్నారా" అని, వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.